పిండి బస్తాకి అమ్ముడుపోని పిల్ల

సంత వీధి నీటితొట్టి దగ్గర ఆ మాట ఇప్పటికీ నడుస్తూనే ఉంది. బట్టీ క్రెసెన్స్ తన పెంపుడు పిల్లని ఒక పిండి బస్తాకి లూథరన్లకి అమ్ముకుందట! చెప్పేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టనేలేదు. పుట్టిన ఆ మిగతా సగం మంది సభామందిరం మెట్ల దాకా వచ్చిన పాపాన పోలేదు. బస్తా వచ్చిన మాట నిజమే, దిగువ వీధి అంతా చూసింది. జల్లించిన మంచి రై పిండి, ఒక్క పురుగు లేదు. కానీ అమ్మకం అంటూ ఏదీ జరగలేదు. ఆ బస్తా ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే స్వీడన్ గుర్రాల కాలం నుంచీ చెప్పుకురావాలి.

దిగువ వీధి చివర, ఊరి కోటగోడని ఆనుకుని రొట్టెల బట్టీ ఉంది. దాన్ని క్రెసెన్స్ చూసుకునేది. మనిషి పొట్టి. మోచేతుల కింద వెంట్రుక మొలిచేది కాదు, వేడికి కాలి కాలి నున్నగా ఉండేది. మొగుడు యోర్గ్ పెద్ద తెగులు వచ్చిన ఏడు పోయాడు. అతని పొడుగు చెక్క పార, అతని బట్టీ, అతని దగ్గు ఆవిడకి మిగిలాయి. ఇళ్ళలో ఆడవాళ్ళు పిండి కలిపి, ముద్దలు చేసి, ముద్ద మీద ఎవరి గుర్తు వాళ్ళు గీసి తెచ్చేవారు. కాల్చి ఇవ్వడం ఈవిడ పని. కూలి కింద వాయికొక రొట్టె.

క్రెసెన్స్ కాథలిక్కు. పక్కింటి సబీనా లూథరన్. ఇద్దరి వంటిళ్ళకీ నడుమ ఒకటే గోడ. ఒకావిడ జపమాల తిప్పుతూ దగ్గితే రెండో ఆవిడ అవతలి నుంచి "నీళ్ళు తాగవే!" అని అరిచేది.

మా ఊళ్ళో సగం కాథలిక్కులు, సగం లూథరన్లు, కాబట్టి పంచాంగాలు కూడా రెండు. పోప్ గారు దిద్దించిన కొత్త లెక్క కాథలిక్కులది. సూర్యుడే దిగివచ్చి చెప్పినా పోప్ లెక్కన పండగ చేసుకోం అని లూథరన్లు పాత లెక్కనే పట్టుకున్నారు. ఒక ఇంట్లో క్రిస్మస్ అయిపోయి బాతు ఎముకలు కుక్కకి వేస్తుంటే, ఎదురింట్లో బాతుని ఇంకా మేపుతూనే ఉంటారు. అది ఎలాగో సర్దుకోవచ్చు. ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాలు వచ్చాయంటేనే తంటా. కాథలిక్కులకి మాంసం, గుడ్డు, వెన్న, కొవ్వు అన్నీ నిషేధం. సరిగ్గా ఆ మొదటి వారంలోనే లూథరన్లకి పాత లెక్కన తిండి పండగ. కొవ్వు కాగబెట్టి, గుడ్లు కొట్టి కలిపిన పిండిని అందులో వేసి క్యూఖ్లే వేయిస్తారు. క్యాబేజీ నీళ్ళు తాగుతున్న వాళ్ళ కిటికీల్లోకి ఆ వాసన తిన్నగా పోతుంది. రాజుల యుద్ధం దేనికొచ్చిందో వాళ్ళకే తెలియాలి. దిగువ వీధిలో తలలు పగిలింది మాత్రం ఎక్కువసార్లు ఆ వాసనకే.

స్వీడన్ గుర్రాలు, అంటే ఆ యుద్ధంలో దోచుకోవడానికి వచ్చే గుర్రపు దండు, రెండోసారి వచ్చిన ఏడు కూడా అదే వారం. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు మంచులో పడుతూ లేస్తూ ఊళ్ళోకి పారిపోయి వచ్చారు. వాళ్ళలో ఎవరు ఏ మతమో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఊరివాళ్ళంతా చర్చి కింది గదుల్లోనూ కోట నేలమాళిగల్లోనూ దాక్కున్నారు. గుర్రాలు వచ్చి, ధాన్యం ఊడ్చుకుని వెళ్ళిపోయాయి. క్రెసెన్స్ మెల్లిగా పైకి వచ్చి, బట్టీ మిగిలిందో లేదో చూసుకుందామని తలుపు లాగింది.

ఇటుకలు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. లోపల, రొట్టె ముద్దలు పొంగడానికి పెట్టే గడ్డి బుట్ట ఉంది. బుట్టలో పసిపిల్ల. ఏడవడం లేదు. నోట్లో చప్పరించడానికి పెట్టిన చిన్న గుడ్డ మూట ఉంది. దాన్ని లాగుతూ, ఎవరు నువ్వు అన్నట్టు చూసింది.

ఊళ్ళో వెచ్చగా ఉన్న చోటు అదొక్కటేనని ఏ తల్లికి తోచిందో. ఆ తల్లి మళ్ళీ కనబడలేదు.

క్రెసెన్స్ పిల్లని కొంగులో చుట్టుకుని సబీనా ఇంటి వెనక గుమ్మంలోకి పరిగెత్తింది. సబీనా చూసి నోరు తెరిచింది.

"ఒసేయ్, యోర్గ్ పోయి ఇన్నేళ్ళయింది కదే, ఇదెక్కడిదే?"

"బట్టీలో ఉంది."

"బట్టీలో పిల్లలు పొంగుతారని నాకు ముందే తెలిస్తే ఇంత కష్టపడి నలుగుర్ని కనేదాన్నా!" అంటూనే సబీనా మేకపాలు కాచింది.

పిల్ల నిద్రపోయాక క్రెసెన్స్ ఒక్కతీ కూర్చుని ఆ గుడ్డ మూట విప్పింది. నమిలి మెత్తగా చేసిన పిండి. మామూలు రొట్టె కాదు, పచ్చగా ఉంది. నాలిక చివర పెట్టి చూసింది. గుడ్డు, కొవ్వు, కాస్త తేనె. ఆ వారంలో కాథలిక్కు తల్లి ఎవరైనా పిల్ల నోట్లో గుడ్డు పెడుతుందా? నోట్లో పెట్టడం మాట అటుంచి ఇంట్లో ఉంచుతుందా? అయితే ఈ పిల్ల లూథరన్ల పిల్ల. ఎవరికైనా చెబితే తీసుకుపోతారు.

ఆవిడ ఆ గుడ్డని నిప్పుల్లో వేసింది. గుడ్డ కాలింది గానీ ఆ పచ్చ రంగు ఆవిడ కళ్ళలోంచి పోలేదు.

పిల్లకి ఎల్స్‌బెత్ అని పేరు పెట్టింది. వాల్బుర్గా అని పిలిస్తే కాథలిక్కు అని, సారా అని పిలిస్తే లూథరన్ అని వీధి చివర దాకా తెలిసిపోతుంది. ఎల్స్‌బెత్‌లు మాత్రం రెండు పక్కలా ఉన్నారు. పుట్టినప్పుడు బాప్తిస్మం అయిందో లేదో తెలియదు కాబట్టి, మంత్రసాని "ఇదివరకు కాకపోయి ఉంటే" అన్న మాట ముందు పెట్టి నీళ్ళు పోసింది. అప్పట్లో అందరికీ ఆకలి. ఎవరూ ఏమీ అనలేదు.

తరవాత రాజులు సంతకాలు పెట్టుకున్నారు, యుద్ధం అయిపోయింది. మా ఊళ్ళో రెండు పక్షాలూ సమానం అన్నారు. సమానం అంటే మావాళ్ళకి అర్థమైంది ఒక్కటే: ప్రతి పనికీ ఇద్దరు. మేయర్లు ఇద్దరు. గేటు కాపలాకి ఇద్దరు. పందుల కాపర్లు కూడా ఇద్దరు, పందులు మాత్రం అవే. ఒకే చర్చిలో పొద్దున్నే వాళ్ళు, వాళ్ళు వెళ్ళాక వీళ్ళు. ఊరి మొత్తంలో ఒక్క బట్టీకే ఒక్క మనిషి, అదీ కాథలిక్కు మనిషి. ఎంత వెతికినా బట్టీ పని తెలిసిన లూథరన్ దొరకలేదు. దాని మీద ఊరి పెద్దల సభలో ఏటా కాస్త గొణుగుడు ఉండేది.

మొదట్లో కాల్చే రోజులు కూడా వేరు పెట్టుకున్నారు. కాథలిక్కులది ఒక రోజు, లూథరన్లది ఒక రోజు. చల్లారిన బట్టీని మళ్ళీ మొదటినుంచీ కాచాలంటే ఎన్ని కట్టెలు! అడవి సగం స్వీడన్ వాళ్ళు నరికేశారు, మిగిలిన సగం ఈ పంతానికి పోయేలా ఉంది. క్రెసెన్స్ కొన్నాళ్ళు చూసింది. ఒకరోజు కాథలిక్కుల వాయి తీస్తూనే గోడ మీద పారతో కొట్టి, "సబీనా, మీవి తెచ్చెయ్యండే, వేడి ఉంది!" అని కేకేసింది. లూథరన్ ఆడవాళ్ళు ముద్దలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

"కాథలిక్కు వేడిలో మా రొట్టెలా?" అంది ఒకావిడ.

"వేడి మెళ్ళో జపమాల ఉందేమో చెయ్యి పెట్టి చూడు," అంది క్రెసెన్స్.

ఆవిడ చెయ్యి పెట్టలేదు, ముద్దలు పెట్టింది. అప్పటినుంచీ ఒకరి వాయి వెనక ఒకరి వాయి వెళ్ళేది. ఒక పక్కవాళ్ళు ముందు కాలిస్తే వారం మారాక రెండో పక్కవాళ్ళు ముందు. అందులోనూ సమానమే.

ఎల్స్‌బెత్ ఆ రెండు వాయిల నడుమ పెరిగింది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. ఒక్క క్షణం నోరు మూసేది కాదు. ప్రభువు రాత్రి భోజనం పాఠాలకి వెళ్ళే ఈడు వచ్చింది. ఒకే ఆదివారం అటు ఫాదర్ గారూ కబురు పెట్టారు, ఇటు పాస్టర్ గారూ కబురు పెట్టారు. అప్పుడు ఊరికి గుర్తొచ్చింది, ఈ పిల్ల ఎవరి పిల్లో తేలలేదని.

తల్లిదండ్రులది ఏ మతమైతే పిల్లది ఆ మతమే, ఆ మతం ఇంట్లోనే పెరగాలి. అది ఒప్పందం. కాథలిక్కు అని తేలితే క్రెసెన్స్ దగ్గరే ఉంటుంది. లూథరన్ అని తేలితే ఉల్మ్‌కి పంపుతారు, అక్కడ లూథరన్ల అనాథ పిల్లల ఇల్లు ఉంది. బండి మీద వెళ్ళినా ఒక పూటలో చేరే ఊరు కాదు. సభ ముందు క్రెసెన్స్ ప్రమాణం చేసి తెలిసింది చెప్పాలని తాఖీదు వచ్చింది.

కాథలిక్కు మేయరు ఇగ్నాజ్ తనే బట్టీ దగ్గరికి నడిచి వచ్చాడు. నల్లకోటు మీద పిండి పడకుండా దూరంగా నిలబడ్డాడు.

"చూడు క్రెసెన్స్, ఇందులో కష్టం ఏముంది? పిల్ల మెళ్ళో మేరీమాత పతకం ఉందని ఒక్క ముక్క చెప్పు, అయిపోతుంది."

"పతకం లేదండీ అయ్యగారూ."

"ఉండేదేమో. ఆ గడబిడలో ఎక్కడో పడిపోయిందేమో. నువ్వు సరిగ్గా చూసుకోలేదేమో."

"బట్టీలో ఉన్నదంతా చూసుకున్నానండీ. అందులో నాకు తెలియకుండా ఒక మిణుగురు కూడా ఉండదు."

"అలా అని సభలో మాత్రం అనకు," అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆవిడ చెవిలో పురుగులా దూరింది. ఎందుకు చెప్పకూడదు? పతకం అన్న ఒక్క మాటతో పిల్ల ఇంట్లో ఉండిపోతుంది. ఎవరికి నష్టం? సాయంత్రం బూడిద లాగుతూ బట్టీ నోటి ముందు చెప్పి చూసుకుంది. "పిల్ల మెళ్ళో మేరీమాత పతకం ఉందండీ. చిన్నది. తాడు తెగి ఉందండీ." బాగానే వస్తోంది. తాడు సంగతి ఇంకా నమ్మకంగా ఉంది. మళ్ళీ ఒకసారి చెప్పుకుంది.

వెనక నుంచి ఎల్స్‌బెత్ గొంతు: "అమ్మా, నాకు పతకం ఉందా?"

క్రెసెన్స్ వెనక్కి తిరగలేదు.

"ఏదమ్మా? ఎక్కడ దాచావు? మా అమ్మ వేసిందా నాకు? చూపించవూ? ఒక్కసారి పట్టుకుని ఇచ్చేస్తాను."

పిల్ల మొహం నిప్పుల వెలుగులో ఎలా విప్పారిందంటే, పుట్టి ఇన్నేళ్ళకి తన తల్లి చెయ్యి తగిలిన వస్తువు ఒకటి దొరికిందన్నట్టు. క్రెసెన్స్‌కి అప్పుడు తెలిసింది. సభ ఒక్కరోజు అడుగుతుంది, ఊరుకుంటుంది. ఈ పిల్ల బతికినంత కాలం ఆ పతకం అడుగుతుంది. లేని పతకం ఎక్కడినుంచి తెచ్చి చేతిలో పెడుతుంది? ఒకటి కొని తెచ్చిపెట్టిందనుకో, దాన్ని ముద్దు పెట్టుకుంటుంటే చూడగలదా?

"లేదే తల్లీ," అంది. "పతకం లేదు. నేనేదో వాగుతున్నాను. నువ్వు వెళ్ళి మేకకి నీళ్ళు పెట్టు."

సభ రోజున మందిరం మెట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. లోపల బల్ల వెనక ఇగ్నాజ్ ఒక పక్క, లూథరన్ మేయరు టోబియాస్ ఒక పక్క కూర్చున్నారు. ముందు ప్రమాణం ఎలా చేయించాలన్న దాని మీద చాలాసేపు గొడవ. దేవుడి మీదా పునీతుల మీదా అని ఇగ్నాజ్, దేవుడి మీదా సువార్త మీదా అని టోబియాస్. చివరికి క్రెసెన్స్ విసుగొచ్చి, ప్రమాణానికి ఎత్తే మూడు వేళ్ళూ పైకెత్తింది.

"అయ్యలూ, దేవుడు రెంటిలోనూ ఉన్నాడు కదండీ, ఆయన దగ్గరే ఆపుదాం. నాకు పిండి పొంగిపోతోంది."

జనం నవ్వారు. ఆవిడ ప్రమాణం చేసింది.

"పిల్ల దగ్గర ఏ గుర్తయినా దొరికిందా?" అని టోబియాస్ అడిగాడు.

ఇగ్నాజ్ ముందుకు వంగి ఆవిడ మొహంలోకి చూశాడు. ఎల్స్‌బెత్ గోడ పక్కన సబీనా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. క్రెసెన్స్ ఆ పక్కకి చూడలేదు. చూస్తే మాట రాదని ఆవిడకి తెలుసు.

"దొరికిందండీ. నోట్లో చప్పరింపు మూట ఉంది. అందులో గుడ్డు పిండి ఉంది. కొవ్వులో వేయించింది. క్యూఖ్లే అండీ."

మా ఊరివాళ్ళకి ఆ లెక్క వేళ్ళ మీద వేసుకోవాల్సిన పని లేదు. ఏ వారమో అందరికీ గుర్తే. కాథలిక్కులు ఉపవాసంలో ఉన్న వారం. మెట్ల మీద లూథరన్లు "అదీ!" అని ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. ఇగ్నాజ్ కుర్చీలో వెనక్కి జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఎల్స్‌బెత్ మాత్రం ఏమీ అర్థం కాక, "అమ్మా, అయితే ఇప్పుడు నేను వెళ్ళిపోవాలా?" అంది. ఆ మాట మందిరం అంతా వినబడింది.

అప్పుడు సబీనా ఆ పిల్ల చెయ్యి వదిలి, బల్ల ముందుకి వచ్చింది. ఆవిడని ఎవరూ పిలవలేదు, అడగలేదు.

"గుడ్డు పిండి అయితే లూథరన్ పిల్లేనా? ఆ క్యూఖ్లే వేయించింది నేను!"

"మరింకేం, నీ మాట మన మాటే కదా సబీనా," అన్నాడు టోబియాస్ సంతోషంగా.

"ఆగండి బాబూ, పూర్తి కానివ్వండి. గుర్రాలొస్తున్నాయని తెలిసింది. ఉపవాసాలు కదా, కాథలిక్కు ఇళ్ళలో కోళ్ళు పెట్టిన గుడ్లన్నీ నేనే చవగ్గా కొని పోగేసి ఉన్నాను. ఆ గుడ్లు, ఆ కొవ్వు స్వీడన్ వాళ్ళకి మిగల్చడం ఎందుకని ఉన్నదంతా వేయించేశాను. వెనక గుమ్మం తీసిపెట్టి, వచ్చినవాళ్ళకల్లా పెట్టాను. పల్లెటూరి వాళ్ళకి పెట్టాను. ఊరివాళ్ళకీ పెట్టాను. వచ్చినవాళ్ళు ఏ పంచాంగం వాళ్ళో నేను అడగలేదు."

"కాథలిక్కులెవరూ వచ్చి ఉండరు," అన్నాడు ఇగ్నాజ్, కళ్ళు తెరిచి, గట్టిగా. తన పక్షం పరువు గుర్తొచ్చి, ఆ మాటతో పిల్లని తనే ఉల్మ్‌కి పంపేస్తున్నానన్న సంగతి ఆయనకి తట్టలేదు.

సబీనా మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "పేర్లు నేను చెప్పను. తిన్నవాళ్ళకి తెలుసు. నా గుమ్మం ముందు ఎవరెవరు ముసుగు వేసుకుని నిలబడ్డారో వాళ్ళకే తెలుసు. పిల్ల వెళ్ళిపోతోంది. మీ ఇష్టం."

మెట్ల మీద కాథలిక్కు ఆడవాళ్ళందరికీ ఒకేసారి బూట్ల మీద ఏదో మచ్చ కనిపించింది. అందరూ కిందికే చూస్తున్నారు. ఉపవాసంలో గుడ్డు తిన్నానని పదిమందిలో ఒప్పుకుంటే ఆ తరవాత నీటితొట్టి దగ్గర బతకనిస్తారా? క్రెసెన్స్ మూడు వేళ్ళూ ఇంకా అలాగే ఎత్తి ఉన్నాయి, దించడం మర్చిపోయింది.

"నేను తిన్నాను."

గొంతు వెనక నుంచి వచ్చింది. జనం పక్కకి జరిగారు. వస్తున్నది వాల్బుర్గా, ఇగ్నాజ్ గారి ఇల్లాలు! ఊళ్ళో అందరికన్నా పొడుగు జపమాల ఆవిడది. చర్చిలో ముందు బెంచీ ఆవిడది. మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడి ఉంది.

"నేను తిన్నాను. నా పిల్లలకీ పెట్టాను. రోజుల తరబడి పొయ్యి వెలగలేదు మా ఇంట్లో. పిల్లలు ఏడుస్తుంటే ఆ వాసన వచ్చింది, కాళ్ళు వాటంతట అవే నడిచాయి. చిన్నదానికి పళ్ళు రాలేదు, నమిలి గుడ్డలో కట్టి నోట్లో పెట్టాను. అచ్చంగా ఆ పిల్లకి పెట్టినట్టే. అయితే నా చిన్నది కూడా లూథరనేనా? దాన్ని కూడా ఉల్మ్ పంపండి మరి."

"వాల్బుర్గా!" అన్నాడు ఇగ్నాజ్.

"మీరు మాట్లాడకండి. మీరు కూడా తిన్నారు. తింటూ, ఇది ఎక్కడిదని ఒక్కసారి కూడా అడగలేదు. అప్పుడే అనుకున్నాను, ఈయనకి తెలిసే అడగడం లేదని."

ఇక ఆ నవ్వు చూడాలి! లూథరన్లు నవ్వారు, కాథలిక్కులు నవ్వారు, టోబియాస్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. తరవాత ఒకావిడ "నేనూ తిన్నాను" అంది. ఇంకొకావిడ "నేను రెండోసారి కూడా వెళ్ళాను" అంది. కాసేపటికి తినని వాళ్ళే సిగ్గుపడాల్సి వచ్చింది. చర్చి పక్క వీధి కిటికీల్లోంచి జనం తొంగిచూశారు, సభలో పెళ్ళేమైనా జరుగుతోందా అని.

గుడ్డు పిండి వల్ల ఏదీ తేలదని మేయర్లు ఇద్దరూ ఒప్పుకోక తప్పలేదు. వాళ్ళు ఒక్క మాట మీదికి రావడం శాంతి వచ్చాక అదే మొదటిసారి. తేలలేదు కాబట్టి పిల్ల ఉన్నచోటే ఉంటుంది. పద్నాలుగో ఏడు రాగానే తనది ఏ మతమో తనే నోరు విప్పి చెబుతుంది. అంతదాకా పాఠాలు ఒక ఏడు ఫాదర్ గారి దగ్గర, ఒక ఏడు పాస్టర్ గారి దగ్గర. పెంపకం ఖర్చు కూడా సగం సగం: నెలకో పిండి బస్తా లూథరన్లది, నెలకో బండి కట్టెలు కాథలిక్కులవి.

మర్నాడే లూథరన్ల బస్తా వచ్చింది. సబీనా మొగుడు వీధిలో అందరూ చూస్తుండగా మోసుకొచ్చి క్రెసెన్స్ గుమ్మంలో దించాడు. అదుగో, నీటితొట్టి దగ్గర చెప్పుకునే బస్తా అదే. దాని ముందు రోజు సభలో ఏం జరిగిందో చూడనివాళ్ళు బస్తా ఒక్కటే చూశారు.

ఎల్స్‌బెత్ రెండు పాఠాలూ నేర్చుకుంది. రెండు చోట్లా ప్రశ్నలడిగి ఇద్దరినీ విసిగించింది. పద్నాలుగో ఏడు వచ్చింది. మళ్ళీ అదే మందిరం, అదే బల్ల. ఈసారి క్రెసెన్స్ గోడ పక్కన నిలబడింది. పిల్ల ఏం చెబుతుందో ఆవిడకి తెలియదు. అడగకూడదని తనకి తానే ఆన పెట్టుకుంది. ఇంత ఆరా తీసే ఊళ్ళో ఒక మనిషి అడగకుండా ఉండడం అంటే సామాన్యం కాదు.

"లూథరన్," అంది ఎల్స్‌బెత్.

పాస్టర్ గారు తలపంకించారు. ఫాదర్ గారు నేల చూశారు. క్రెసెన్స్ కొంగు పిడికిట్లో బిగించింది.

"అయితే ఇక లూథరన్ ఇంటికి మారాలి..." అని ఇగ్నాజ్ మొదలుపెట్టాడు.

"ఎందుకండీ అయ్యగారూ?" అంది పిల్ల. "ప్రతి పనికీ ఇద్దరుండాలని, బట్టీకి మాత్రం లూథరన్ మనిషి లేదని మీరే కదండీ ఏటా బాధపడుతున్నారు? నాకు పని వచ్చు. ఎంత కాచాలో తెలుసు, ఎప్పుడు తీయాలో తెలుసు. బట్టీ మనిషి ఉండే ఇల్లు ఒక్కటే, అందులోనే ఉండాలి కదా మరి."

టోబియాస్ ఇగ్నాజ్ వైపు చూశాడు. ఇగ్నాజ్ టోబియాస్ వైపు చూశాడు. వాళ్ళ లెక్క వాళ్ళకే అప్పజెప్పింది. ఇద్దరూ సరేనన్నారు.

క్రెసెన్స్ పిల్లని తీసుకుని ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, "ఏం చూసి అటు వెళ్ళావే?" అంది.

"అక్కడ అందరూ పాడతారమ్మా. మన చర్చిలో ఫాదర్ గారు ఒక్కరే పాడతారు. అదీ ఆయన గొంతు..."

"ఫాదర్ గారి గొంతుని ఏమీ అనకు," అంది క్రెసెన్స్. కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు జపమాల కాస్త ఎక్కువసేపే తిప్పింది. మర్నాడు పొద్దున్న యోర్గ్ పార పిడిని తనకన్నా పొడుగైన పిల్లకి సరిపోయేలా మార్పించింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. ఎల్స్‌బెత్‌కి పెళ్ళయింది, పిల్లలు. క్రెసెన్స్ ఇప్పుడు పార ఎత్తలేదు. బట్టీ పక్క బల్ల మీద కూర్చుని వాసన చూసి "తియ్యి" అంటుంది, అంతే. కానీ నీటితొట్టి దగ్గర మాట మాత్రం ఆగలేదు. చివరికి మొన్న మన వీధి ఆవిడే ఒకామె, ఎవరని అడక్కండి, ఇక కడుపులో దాచుకోలేక, రొట్టె ముద్దల పళ్ళెం చంకలో పెట్టుకునే మొహాన అడిగేసింది: "క్రెసెన్స్ అత్తా, నిజం చెప్పు, ఆ పిల్లని పిండి బస్తాకి అమ్మావా, లేదా?"

క్రెసెన్స్ బల్ల మీద నుంచి ఆవిడని కింది నుంచి పై దాకా చూసింది.

"అమ్మానే. ఒక్క బస్తా కాదు, నెలనెలా తీసుకున్నాను. తీసుకున్న బస్తాలన్నీ దాని కడుపులోకే పోయాయి, అది చూడబోతే ఇదిగో, నా పక్కనే నిలబడి ఉంది. నాకు తెలిసి ఇంత మంచి బేరం ఈ ఊళ్ళో ఇంకెవరూ చెయ్యలేదు. ఆ కాథలిక్కుల కట్టెలే, ఒక్క బండి కూడా రాలేదు ఇప్పటిదాకా. మీ ఆయన సభలోనే ఉన్నాడుగా, ఇంటికెళ్ళి ఆ సంగతి కనుక్కో. ఇప్పుడు కాస్త పక్కకి జరుగు తల్లీ, లూథరన్ల వాయి వెళ్ళాలి, వేడి పోతోంది."